మారే కోడ్, నిలిచిన పాఠం: ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ గ్రంథ పరిశీలన

ఆపరేటింగ్ సిస్టమ్‌కూ యంత్రభాగాలకూ నడుమ నిలిచి ఒకదాని మాట మరొకదానికి చేరవేసే ప్రోగ్రాం డివైస్ డ్రైవర్. దాని రచనను బోధించే పుస్తకాల్లో ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ సుప్రసిద్ధం. 1998లో అలెస్సాండ్రో రుబీని ఒక్కరే రాసిన ఈ గ్రంథానికి 2001లో జొనాథన్ కార్బెట్, 2005లో గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ సహకర్తలయ్యారు. మూడవ కూర్పు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తుంది. మాచర్ల నుంచో గురజాల నుంచో వచ్చి నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివే విద్యార్థికి పైసా ఖర్చు లేకుండా అందే ప్రామాణిక గ్రంథాల్లో ఇదొకటి. దీని గుణదోష విచారణ అవసరం కావడానికి ఈ సులభ లభ్యతే ప్రధాన కారణం.

గుణం స్పష్టమే. గ్రంథకర్తలు ఎంచుకున్న ‘స్కల్’ అనే ఉదాహరణ డ్రైవర్‌కు ప్రత్యేక పరికరం ఏదీ అక్కరలేదు. కంప్యూటర్ జ్ఞాపకశక్తిలోని కొంత భాగాన్నే అది పరికరంగా చూపిస్తుంది. ప్రయోగశాలలో వసతులు తక్కువగా ఉన్నచోట ఇంతకంటె ఉచితమైన బోధనామార్గం దొరకడం కష్టం. అంతరాయాలు, తాళాలు, కాలవ్యవధులు మొదలైన విషయాలపై వివరణ నేటికీ నిర్మలంగా ఉంది.

దోషం కాలానిది. మూడవ కూర్పు 2.6.10 కెర్నల్‌ను ఆధారం చేసుకొని 2005 ఫిబ్రవరిలో వెలువడింది. మార్చిలో వచ్చిన 2.6.11 కెర్నల్ పరికరానికి ఆజ్ఞలు పంపే ‘ఐఓసీటీఎల్’ పద్ధతికి కొత్త ద్వారం తెరిచింది. పాత ద్వారం 2010లో పూర్తిగా మూతపడింది. ‘యాక్సెస్ ఓకే’ అనే పరీక్షకు గ్రంథం మూడు విలువలు ఇమ్మంటుంది. 2019 నాటి 5.0 కెర్నల్ నుంచి అది రెండింటినే స్వీకరిస్తుంది. పుస్తకంలోని ‘స్కల్’ను ఉన్నదున్నట్టు నేటి కెర్నల్‌పై కంపైల్ చేస్తే దోషాల జాబితా తప్ప డ్రైవర్ రాదు. పక్కన అడిగి తెలుసుకునేందుకు అనుభవజ్ఞుడు లేని విద్యార్థి ఆ దోషాలను తన అజ్ఞానంగానే భావిస్తాడు. పాతబడిన పాఠం చేసే అసలు నష్టం ఇదే.

దీనిని గ్రంథకర్తల అలసత్వం అనడం న్యాయం కాదు. కెర్నల్ అంతర్గత నిర్మాణానికి స్థిరత్వం ఉండదని, ఉండకూడదని వాదించే ప్రసిద్ధ పత్రం కెర్నల్‌తోనే పంపిణీ అవుతోంది. దాని రచయిత ఈ గ్రంథకర్తల్లో ఒకరైన క్రోవా హార్ట్‌మనే. నిలకడ లేదని సిద్ధాంతీకరించిన చేయి అచ్చుపుస్తకానికి పూనుకోవడం ఆలోచించదగిన వైరుధ్యం.

పల్నాటి సాహిత్యాన్ని ఎరిగిన పాఠకులకు ఈ చిక్కు కొత్తది కాదు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించారు. 1982లో జీన్ రోఘేర్ గ్రంథం గాయకుని నోటి పాఠాన్ని ఆంగ్లంలో నిలిపింది. అచ్చు ఎక్కడికక్కడ ఆగింది. కారంపూడి వీరుల ఉత్సవంలో పాట సాగుతూనే ఉంది. అయితే పోలిక ఇంతవరకే. వీరగాథలో పాఠాంతరం సంపద. ఏ పాఠమూ మరొక పాఠాన్ని అబద్ధం చేయదు. డ్రైవర్ విషయంలో నడుస్తున్న కోడ్ ఒక్కటే ప్రమాణం, దానితో పొసగని వివరణ తప్పు.

కెర్నల్ నిర్మాతలు ఎంచుకున్న పరిష్కారం వివరణను కోడ్ పక్కనే ఉంచడం. ‘కెర్నల్ డాక్’ పద్ధతిలో ప్రతి ఫంక్షన్‌కు పైనే వ్యాఖ్య రాస్తారు. 2016 నుంచి ఆ వ్యాఖ్యలను ‘స్ఫింక్స్’ అనే సాధనం పుస్తకరూపంలోకి కూర్చుతోంది. కోడ్‌ను మార్చే వ్యక్తి కళ్ల ముందే వ్యాఖ్య ఉంటుంది కనుక మరిచిపోవడానికి సాకు తక్కువ. విలువల పేర్లు పొసగకపోతే యంత్రమే హెచ్చరిస్తుంది. కానీ అర్థం మారితే హెచ్చరించదు. ఒక ఫంక్షన్ పనిమధ్యలో నిద్రలోకి జారవచ్చునా లేదా అన్నది వ్యాఖ్యలోని ఒక్క వాక్యం. అది పాతబడితే, నమ్మి ఆ ఫంక్షన్‌ను అంతరాయ సమయంలో పిలిచినవాడి యంత్రం స్తంభించిపోవచ్చు. పైగా ఇలా ముక్కలుగా పుట్టిన వ్యాఖ్యల సంకలనంలో పుస్తకానికి ఉండే క్రమబోధ లేదు. ఏది ముందు చదవాలో చెప్పేవారు లేని నిఘంటువు వంటిది అది. తాజాదనం దక్కింది, గురుత్వం తగ్గింది.

తెలుగులో ఇటువంటి బోధనగ్రంథం రావాలని కోరేవారు మొదట ఈ సంగతి చూడాలి. చీనా, ఇటాలియన్, జపనీస్, కొరియన్ అనువాదాలు కెర్నల్ మూలంతో పాటే ఉన్నాయి. మూలం మారినా అనువాదం మారని చోట్లను పట్టి చూపే చిన్న ప్రోగ్రాం కూడా తోడుగా ఉంది. 2005 నాటి పుస్తకాన్ని ఆ ఏర్పాటు లేకుండా తెనిగిస్తే పాత తప్పులకు మాతృభాష ఆమోదం లభిస్తుంది. అంతకంటె, కళాశాలలో ‘స్కల్’ను నేటి కెర్నల్‌కు తగినట్టు సవరించడాన్నే విద్యార్థులకు అభ్యాసంగా ఇచ్చి, ఏ వాక్యం ఏ కెర్నల్ వరకు చెల్లుతుందో పుస్తకం అంచుల్లో వారిచేతనే తెలుగులో రాయించడం మేలు. పాఠపరిష్కర్తలు అధోజ్ఞాపికల్లో చేసే పని అదే. తెలుగు శాఖలకు ఆ విద్య తెలుసు, కంప్యూటర్ శాఖలు అడగవలసి ఉంది.