కోడ్ తర్వాతే అసలు పని

కారుకి స్కానర్ తగిలించి ఫాల్ట్ కోడ్ చదవడం ఎవరికైనా వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో మంచి మెకానిక్ పని మొదలయ్యేది ఆ తర్వాతే. ఉదాహరణకి, పీ0171 కోడ్ అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని. తొందరపడేవాళ్లు ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. అది ఉన్న మాటే చెప్పింది, దాని తప్పేం లేదు. పనితనమున్న మనిషి ఫ్యూయల్ ట్రిమ్, అంటే కారు కంప్యూటర్ పెట్రోలుని ఎంత పెంచి, తగ్గించి సర్దుతోందో చూస్తాడు. ఐడిల్‌లో ప్లస్ 20 శాతం ఉండి, 2500 ఆర్‌పీఎంకి మామూలైతే, బయటి గాలి ఎక్కడో దొంగచాటుగా చొరబడుతోందన్నమాట. రేస్ ఇచ్చేకొద్దీ పెరిగితే పెట్రోలు పంపు, ఫిల్టర్ వైపు చూడాలి. గాలి చొరబాటే అయితే, ఇన్‌టేక్‌లోకి పొగ వదిలి, టార్చి వేసి వెతుకుతాడు. మానిఫోల్డ్ వెనక, చెయ్యి దూరని చోట, చిట్లిన రబ్బరు గొట్టంలోంచి సన్నగా పొగ! గొట్టం చవకే. ఆ వెతుకులాటకి అడిగిన లేబర్ చార్జి మాత్రం బేరమాడకుండా ఇవ్వండి.