కొండ కరవుకు మైదానపు కొలబద్ద

కరవు వచ్చినదని రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ఎండిన గెడ్డ, వాడిన చేను ముందే చెబుతాయి. కాని ప్రభుత్వానికి అంకెలతో చెప్పాలి. అంకెలు తగినంత పడిపోతేనే మండలం పేరు కరవు జాబితాలోకి ఎక్కుతుంది, సహాయానికి దారి ఏర్పడుతుంది. కనుక కరవును కొలిచే పద్ధతి కేవలం శాస్త్రవిషయం కాదు. కూటికి సంబంధించిన విషయం కూడ. కేంద్ర వ్యవసాయ మంత్రిత్వశాఖ 2016లో వెలువరించిన కరవు నిర్వహణ గ్రంథాన్ని తూర్పు కనుమలలోని అరకులోయకు తీసుకువెళ్ళి పరీక్షిస్తే దాని బలం, కొరత రెండూ తేటపడతాయి.

ఈ గ్రంథం తేలికగా తోసివేయదగినది కాదు. 2009 నాటి ప్రతిని, 2016 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత సవరించి దీనిని సిద్ధపరచారు. కరవు నిర్ణయాన్ని అధికారి ఊహకు గాని, నాయకుని పలుకుబడికి గాని విడువక, కొలతలకు అప్పగించటం దీని మొదటి గుణం. ముందుగా వర్షాన్ని చూడాలి: మామూలు కంటే ఎంత తగ్గినది, వానల మధ్య ఎన్ని వారాలు ఎండ కాసినది. తరువాత ఫలితాలను చూడాలి: విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహం చూపే పచ్చదనం, నేలలోని తేమ, జలాశయాల, భూగర్భజలాల, ప్రవాహాల స్థితి. చివరకు పదింట ఒక వంతు గ్రామాలలో, ఒక్కొక్క గ్రామాన ఐదు చోట్ల, మనుషులు వెళ్ళి స్వయంగా చూడాలి. ఇంత పకడ్బందీ అయిన ఏర్పాటు మెచ్చదగినదే.

వర్షపాతపు లోటును తూచటానికి ఈ గ్రంథం అంగీకరించిన సాధనాలలో ప్రామాణిక వర్షపాత సూచి ఒకటి. దానిని 1993లో అమెరికాలోని కొలరాడోలో మెకీ, డోస్కెన్, క్లైస్ట్ అనే శాస్త్రజ్ఞులు రూపొందించారు. దాని సూత్రం సులభం. అనంతపురంలో ఐదు సెంటీమీటర్ల వాన తగ్గటం వేరు, కనుమలలో అంతే తగ్గటం వేరు. కాబట్టి ఎంత తగ్గినదని కాక, ఆ చోట అటువంటి లోటు ఎంత అరుదు అని ఈ సూచి అడుగుతుంది. సూచి -1కి దిగితే మధ్యరకం కరవు, -2కి దిగితే అతి తీవ్రమైన కరవు. అరుదైనదా కాదా అని తేల్చటానికి ఆ చోటి పాత లెక్కలు ఉండాలి. కనీసం 30 సంవత్సరాలవి కావాలి. మొదటి చిక్కు ఇక్కడనే వస్తున్నది.

విశాఖపట్నానికి ఈ విషయంలో మంచి వారసత్వం కలదు. 1840 ప్రాంతంలోనే గోడే వెంకట జగ్గారావు అక్కడ సొంత వేధశాలను నెలకొల్పారు. భారత వాతావరణ శాఖ పుట్టినది 1875లో! అయితే ఆ పరిశీలనలన్నీ సముద్రపు ఒడ్డువి. అక్కడికి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకుకు అవి చెల్లవు. కొండలలో చింతపల్లి వ్యవసాయ పరిశోధనా కేంద్రం వంటి కొన్ని చోట్ల పరిశీలనలు జరుగుతున్నవి. స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ఇటీవల మండలాలకు వచ్చాయి. కాని కొత్త యంత్రం ఈనాటి వానను చెప్పగలదే గాని, ఈ వాన మామూలా, అరుదా అన్నది చెప్పలేదు. దానికి ముప్పై ఏళ్ళ ఓపిక కావాలి.

పాత లెక్కలు ఉన్నచోట కూడ అవి ఎవరివన్నది చూడాలి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడేవరకు అరకు విశాఖపట్నం జిల్లాలో భాగం. ఆనాటి జిల్లా సగటులో తీరపు వాన, కొండ వాన ఒకే గిన్నెలో పోసినట్లు కలిసిపోయేవి. మండలమే ప్రమాణమైనా బాధ పూర్తిగా తీరదు. వర్షమాపకం సాధారణంగా రోడ్డు ఉన్న ఊరిలో, లోయలో ఉంటుంది. గాలికి ఎదురుగా ఉన్న వాలుపై కురిసినంత వాన కొండకు అవతలి వాలుపై కురవదు. ఉదయం 8.30 గంటలకు మాపకంలో 30 మిల్లీమీటర్లు కనిపిస్తే, చదరపు మీటరుకు 30 లీటర్ల నీరు ఆ మాపకం ఉన్న చోట పడినదని మాత్రమే అర్థం.

రెండవ చిక్కు పంచాంగానిది. ఈ గ్రంథం ప్రకారం ఖరీఫ్ కరవును అక్టోబరు 30లోగా, రబీ కరవును మార్చి 31లోగా ప్రకటించాలి. వరి, వేరుసెనగ పండే మైదానానికి ఈ గడువులు సరిపోతాయి. కొండలో చోడి, సామ, వలిసె పంటలకు కూడ కొంతవరకు సరిపోతాయి. కాని 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ సంగతి వేరు. కాఫీ మొగ్గలు చలికాలం చివర సిద్ధమై నిద్రపోతున్నట్లు ఉండిపోతాయి. ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య ఒక మంచి వాన, రమారమి 25 మిల్లీమీటర్లకు తగ్గనిది, పడితే అవి మేలుకొని పది దినాలలో మల్లెల వలె పూస్తాయి. కొన్ని వారాలకు మరొక వాన పడితే పిందె నిలుస్తుంది. ఆ పూతవాన తప్పితే మొగ్గ సరిగా విచ్చదు. జూన్ తరువాత ఎంత కురిసినా పోయిన పూత తిరిగి రాదు. అంటే నీరుపోసే వసతి లేని గిరిజన కుటుంబానికి ఏడాది ఆదాయం ఒకటి రెండు వేసవి వానలపై వేలాడుతున్నది. నైరుతి వానలనే ప్రధానంగా లెక్కించి, మార్చి చివర పుస్తకం మూసే పద్ధతికి ఆ నష్టం కనిపించదు.

మొత్తాలు మోసగించటానికి తుపానులు కూడ తోడ్పడతాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను అరకు కాఫీ తోటలలో నీడచెట్లను కూల్చివేసింది. అటువంటి వాన సంవత్సరపు మొత్తాన్ని పెంచుతుంది. పంటకు మాత్రం కీడు చేస్తుంది. లెక్కలో లాభం, తోటలో నష్టం!

మూడవ చిక్కు చూపుది. ఉపగ్రహంతో పంటల పచ్చదనాన్ని పరిశీలించే పని హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం 1980ల చివరి నుండి దేశమంతటా సాగించి మంచి పేరు పొందింది. సమతలమైన చేలలో ఈ చూపు నమ్మదగినదే. కాని కాఫీ మొక్క సిల్వర్ ఓక్ నీడలో ఉంటుంది. పైనుండి చూసే కంటికి ముందుగా కనిపించేది ఆ చెట్ల తల. కింద మొక్క వాడినా పైన పచ్చగానే ఉంటుంది. పోడు చేలు చిన్నవి. అడవి పచ్చదనంలో కలిసిపోతాయి. పైగా వానకాలంలో మబ్బులు కప్పుతాయి. నీటి విషయమూ ఇటువంటిదే. మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రానికి నీరిచ్చే జోలాపుట్ జలాశయపు మట్టం పెద్ద పరీవాహక ప్రాంతపు కథ చెబుతుంది. గ్రామం తాగే ఊట, కొండరాతి పగుళ్ళలో నిలిచిన నీటి మీద ఆధారపడినది. అది ఏప్రిల్‌లోనే ఆగిపోవచ్చును. ఊటకు ఈ లెక్కలలో చోటు లేదు.

ఇక వేడి. ఈ గ్రంథం వేడిని నేరుగా లెక్కించదు. నేల తేమ ద్వారా పరోక్షంగా మాత్రమే తెలుసుకొంటుంది. వర్షసూచికి వేడి సంగతే తెలియదు. వాన ఆదాయమైతే ఆవిరి ఖర్చు. ఖర్చు చూడని ఖాతా సగం ఖాతా. ఈ దృష్టితో అమెరికాలో థారన్‌త్వెయిట్ 1948లో ప్రకటించిన జలసమతుల్య పద్ధతిని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వి. పి. సుబ్రహ్మణ్యం భారతదేశపు కరవులకు అన్వయించారు. కొండల ముంగిట వాల్తేరులోనే ఆ విద్య పెరిగినది. దానిని కొండ ఎక్కించటమే మిగిలినది.

వడగాలి నిర్ణయంలోనూ కొండకు సరైన కొలత లేదు. వాతావరణ శాఖ నియమం ప్రకారం గరిష్ఠ ఉష్ణోగ్రత మైదానంలో 40, తీరాన 37, కొండలలో 30 డిగ్రీలు చేరాలి. అది మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు మించాలి. అరకు వేసవిలో 30 డిగ్రీలు దాటటం వింత కాదు. కాబట్టి తీర్పంతా ‘మామూలు’ అనే మాటపై నిలుస్తుంది. ఆ మామూలు ఎంతో తెలియాలంటే మళ్ళీ పాత లెక్కలే కావాలి. ఒక డిగ్రీ చదరపు గళ్ళుగా కూర్చిన దేశవ్యాప్త ఉష్ణోగ్రతల పట్టికను ఆశ్రయించవచ్చు గాని, ఆ గడి ప్రక్క సుమారు 110 కిలోమీటర్లు. వెయ్యి మీటర్ల ఎత్తుకు సగటున 6.5 డిగ్రీలు చల్లబడే గాలికి, శిఖరాన్నీ లోయనూ ఒకే గడిలో పెట్టిన సగటు ఏ ఊరి మాటా కాదు. చలికి పేరుపడిన లంబసింగి ఉన్న కొండలలో ఎండ బాధ ఏమిటని అనుకోవటం కూడ పొరపాటే. చల్లదనానికి అలవడిన దేహానికి, మొక్కకు కొద్దిపాటి అధిక వేడి కూడ భారమవుతుంది.

ఇంతమాత్రాన కొలతలను విడిచి పూర్వపు ఊహలకు మరలాలని కాదు. కొలబద్ద వంకరగా ఉన్నదని గుడ్డను చేతి అంచనాతో అమ్మరు, కొలబద్దనే సరిచేస్తారు. ఫలితాలను చూసే నాలుగు తరగతుల సూచికలలో మూడింటిని ఎన్నుకొనే స్వేచ్ఛను ఈ గ్రంథమే రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ స్వేచ్ఛను కొండల కోసం వినియోగించవచ్చును. ప్రవాహాల లెక్కలో గెడ్డనూ ఊటనూ చేర్చాలి. ఫిబ్రవరి నుండి మే వరకు కురిసే వానకు ప్రత్యేకమైన పట్టిక ఉండాలి. లోయలో ఒక మాపకం ఉంటే వాలుపై మరొకటి నిలపాలి. ఆశ్రమ పాఠశాల ఆవరణలో మాపకం పెడితే ప్రతి ఉదయం దానిని చదివే పిల్లలకు అది ప్రయోగశాల, ప్రభుత్వానికి అది లెక్క.

అన్నిటికంటె ముఖ్యం, మొదలుపెట్టిన లెక్కను ఆపకుండుట. ఈనాడు వాలుపై నిలిపిన మాపకం ముప్పై ఏళ్ళకు గాని అక్కడి మామూలు ఏదో చెప్పదు. ఆలస్యమైన ప్రతి సంవత్సరం కొండ రైతు సాక్ష్యంలో ఒక పేజీ ఖాళీగా మిగులుతుంది. సాక్ష్యం లేని కరవు కరవు కాకపోదు. దానికి సహాయం మాత్రం అందదు.