పాఠం 9: తప్పించుకోలేని ఘటన – ‘ఫ్రాస్ట్‌పంక్’ ఆటపై ఒక విమర్శ

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మనుగడ ఆటల్లో ‘అనివార్య ఘటన’ అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• ఒక అనివార్య ఘటన కథకు బలమో, బలహీనతో తేల్చడానికి పనికివచ్చే ప్రమాణాలను చెప్పగలుగుతారు.
• ఆ ప్రమాణాలతో ‘ఫ్రాస్ట్‌పంక్’ అనే ఆటను పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

గత పాఠాల్లో నాటకం, నవల, సినిమాలలో కథాసంవిధానం ఎలా ఉంటుందో తెలుసుకున్నారు. ఈ పాఠంలో ఒక వీడియో గేమ్‌ను తీసుకుంటున్నాం. సాహిత్య విమర్శలో ఆటకు చోటేమిటి అని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. పోలండ్ ప్రభుత్వం 2020లో ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ అనే ఆటను ఉన్నత పాఠశాల విద్యార్థులకు సూచించే పఠనీయాల జాబితాలో చేర్చనున్నట్లు ప్రకటించింది. వార్సాలోని 11 బిట్ స్టూడియోస్ 2014లో విడుదల చేసిన ఆ ఆటకు 1992–96 నాటి సారయెవో ముట్టడి ప్రేరణ. అందులో మనం సైనికులం కాదు. ముట్టడిలో చిక్కుకున్న మామూలు మనుషులం. యుద్ధాన్ని ఆపడం మన చేతిలో లేదు. అదే సంస్థ 2018లో తెచ్చిన ఆట ‘ఫ్రాస్ట్‌పంక్’.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తరగతిలో నేనొక మాట చెప్పేవాణ్ణి: “నాటకంలో ప్రేక్షకుడు చూస్తాడు, ఆటలో ఆడేవాడు నిర్ణయిస్తాడు. కాబట్టి ఆటలో తప్పించుకోలేని ఘటన ఉంటే అది రచయిత చేతగానితనమే.” పదవీ విరమణ చేశాక మా మనవడి కంప్యూటర్ మీద ఫ్రాస్ట్‌పంక్ ఆడాను. నేను చెప్పిన మాట సగమే నిజమని అప్పుడు తెలిసింది. ఏ సగం నిజం, ఏ సగం కాదు అన్నదే ఈ పాఠం.

9.2 ఆట నేపథ్యం

ఫ్రాస్ట్‌పంక్ కథ ఊహాజనితమైన పందొమ్మిదో శతాబ్దంలో జరుగుతుంది. భూమిని మంచు కప్పేసింది. లండన్ విడిచి ఉత్తరానికి వచ్చిన 80 మంది ఒక పెద్ద గుంటలో ఉన్న బొగ్గు జనరేటర్ దగ్గరికి చేరుకుంటారు. ఆడే మనం వాళ్లకు కెప్టెన్. ఇళ్లు కట్టించాలి, బొగ్గు తవ్వించాలి, తిండి సమకూర్చాలి. జనరేటర్ ఆరిపోతే ఊరు గడ్డకడుతుంది.

దీనితోపాటు ఒక చట్టాల పుస్తకం ఉంటుంది. పిల్లల్ని పనిలో పెట్టాలా, వారికి ఆశ్రయం కట్టాలా? చనిపోయినవారిని ఖననం చేయాలా, మరోలా వాడుకోవాలా? తిండి చాలకపోతే అందులో రంపపు పొట్టు కలపాలా? ప్రతి చట్టం మీదా మనమే సంతకం చేయాలి. తెర అడుగున రెండు కొలమానాలు కనిపిస్తూ ఉంటాయి. ఒకటి జనంలోని ఆశ, రెండోది అసంతృప్తి. ఆశ అడుగంటినా, అసంతృప్తి హద్దు మీరినా జనం కెప్టెన్‌ను గద్దె దింపుతారు.

ఇలా అడుగడుగునా నిర్ణయం కోరే ఆటలో, ఎవరు ఎలా ఆడినా జరిగి తీరే సంఘటనలు కొన్ని ఉన్నాయి. ‘కొత్త ఇల్లు’ అనే ప్రధాన కథలో ఇవి రెండు: వింటర్‌హోమ్ పతనం, మహా మంచుతుఫాను. వీటినే మనం అనివార్య ఘటనలు అంటున్నాం.

9.3 వింటర్‌హోమ్ వార్త

ఆట కొంత ముందుకు సాగాక స్కౌట్లను మంచులోకి పంపవచ్చు. వింటర్‌హోమ్ అనే మరో ఊరు ఉందని, అక్కడా మనలాంటి వాళ్లున్నారని జనం నమ్మకం. ఆ ఊరు నాశనమైందన్న వార్త వస్తుంది. జనంలో ఆశ ఒక్కసారిగా పడిపోతుంది. ‘ఇక్కడ ఉంటే చస్తాం, తిరిగి లండన్ వెళ్దాం’ అనే వర్గం ఒకటి పుట్టుకొస్తుంది. వాళ్లను ‘లండనర్లు’ అంటారు.

మొదటిసారి ఈ వార్త వచ్చినప్పుడు నాకు కోపం వచ్చింది. అప్పటికి నా ఊరు బాగానే ఉంది. ఇళ్లు వెచ్చగా ఉన్నాయి, తిండి ఉంది. నేను చేయని తప్పుకు నాకు శిక్ష పడిందనిపించింది. ఎక్కడో పొరబడ్డానేమో అనుకుని ఆట మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి స్కౌట్లను ముందే పంపాను. వింటర్‌హోమ్ అప్పటికే కూలిపోయి ఉంది.

కానీ రెండోసారి ఒక తేడా గమనించాను. వార్త అదే, ఊరు వేరు. మొదటిసారి బొగ్గు చాలక పిల్లల్ని గనులకు పంపే చట్టంపై సంతకం చేశాను. అప్పుడు జనంలో ఆశ అంతంతమాత్రం, లండనర్లు పెరిగిపోయారు. రెండోసారి పిల్లలకు ఆశ్రయం కట్టించాను. బొగ్గు తక్కువైంది, కొన్ని రాత్రులు చలికి జనం జబ్బుపడ్డారు. అయినా వార్త వచ్చినప్పుడు తట్టుకునేంత ఆశ మిగిలింది; లండనర్ల సంఖ్య తగ్గుతూ వచ్చింది. ఘటనను నేను మార్చలేకపోయాను. ఆ ఘటన ఎలాంటి ఊరి మీద పడాలో మాత్రం నేనే నిర్ణయించాను.

ఇక్కడ మీకు బాగా తెలిసిన ఒక ఉదాహరణ చెబుతాను. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకంలో శ్రీకృష్ణ రాయబారం మన పల్లెల్లో తెల్లవార్లూ ఆడేవారు. రాయబారం విఫలమవుతుందని, యుద్ధం తప్పదని ముందు వరుసలో కూర్చున్న చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అయినా జనం కదిలేవారు కాదు. యుద్ధం వస్తుందా రాదా అన్నది వాళ్ల ప్రశ్న కాదు. ఆ సభలో ఎవరు ఏమన్నారు, ఎవరు మౌనంగా ఉండిపోయారు అన్నదే వాళ్ల ప్రశ్న. అనివార్యత ఉత్కంఠను చంపదు. ఉత్కంఠను ‘ఏం జరుగుతుంది’ నుంచి ‘ఎవరు ఎలా నిలబడతారు’ వైపు మళ్లిస్తుంది. ఫ్రాస్ట్‌పంక్‌లో ఆ నిలబడవలసిన వ్యక్తి మనమే. నాటకానికీ ఆటకూ తేడా ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: జవాబును మీ నోటు పుస్తకంలో రాసుకుని, పై భాగంతో సరిచూసుకోండి.
వింటర్‌హోమ్ వార్త అందరికీ ఒకటే అయినా, దాని ఫలితం అందరికీ ఒకటి కాకపోవడానికి కారణం ఏమిటి?

9.4 మూడు ప్రమాణాలు

అనివార్య ఘటనలన్నీ మంచివని చెప్పడం నా ఉద్దేశం కాదు. మంచిదాన్నీ చెడ్డదాన్నీ వేరు చేయడానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

(అ) హేతువు: ఆ ఘటన ఆటలోని లోకం నుంచే పుట్టిందా? కథలో సంఘటనలు ఒకదాని నుంచి ఒకటి సంభావ్యంగానో, అవశ్యంగానో రావాలని అరిస్టాటిల్ తన ‘కావ్యశాస్త్రం’లో అన్నాడు. చిక్కుముడిని యంత్రంతో దింపిన దేవుడు వచ్చి విప్పడాన్ని ఆయన తప్పుపట్టాడు. విప్పడానికి వర్తించే నియమం ముడి వేయడానికీ వర్తిస్తుంది.

(ఆ) పని: ఘటనకు ముందో, తరువాతో ఆడేవారికి చేయడానికి ఏదైనా మిగిలిందా? ఏమీ మిగలకపోతే అది ఆట కాదు, మధ్యలో చూపించిన సినిమా ముక్క.

(ఇ) నిజాయితీ: ఎంపిక లేని చోట ఉన్నట్టు నటిస్తోందా? రెండు తలుపులు చూపించి, రెండింటి వెనుకా ఒకే గది పెట్టడం అనివార్యత కాదు, మోసం.

వింటర్‌హోమ్ వార్త మొదటి రెండు ప్రమాణాలకూ నిలుస్తుంది. మన ఊరిని చంపగల చలే ఆ ఊరినీ చంపింది. వార్త తరువాత కావలసినంత పని ఉంది. మూడో ప్రమాణం దగ్గర మాత్రం కొంత బలహీనత కనిపిస్తుంది. ఆశను తిరిగి నిలబెట్టడానికి ఆట రెండు దారులు చూపిస్తుంది: క్రమశిక్షణ, విశ్వాసం. ఒక దారిలో కాపలాదారులు, మరో దారిలో విశ్వాస రక్షకులు. పేర్లు వేరు, చేసే పని దాదాపు ఒకటే. రెండు దారులూ చివరికి కెప్టెన్ మాటే శాసనమయ్యే చోటికి తీసుకెళతాయి. రెండు తలుపులు, ఒకే గది అన్న మాట ఇక్కడ కొంతవరకు వర్తిస్తుంది. అయితే ఆ గది చివరిదాకా నడవకుండా మధ్యలో ఆగిపోయే స్వేచ్ఛను ఆట మనకు ఇచ్చింది. అంతమేరకు దాన్ని క్షమించవచ్చు.

9.5 మహా మంచుతుఫాను

రెండో అనివార్య ఘటన తుఫాను. ఆట మొదట్లో సున్నాకు దిగువన 20 డిగ్రీలు ఉన్న చలి, తుఫాను ఉధృతిలో సున్నాకు దిగువన 150 డిగ్రీలకు పడిపోతుంది. దాన్ని ఆపే యంత్రం లేదు, తప్పించే చట్టం లేదు.

ఇది మూడు ప్రమాణాలకూ నిలిచే ఘటన. ఆట మొదలైన క్షణం నుంచి మన శత్రువు చలే. తుఫాను ఆ శత్రువు పూర్తి రూపం. హెచ్చరిక ముందే అందుతుంది, చుట్టుపక్కల నుంచి శరణార్థులు వస్తూ ఉంటారు. వాళ్లను చేర్చుకుంటే తినే నోళ్లు పెరుగుతాయి. పొమ్మంటే మంచులో చనిపోతారు. బొగ్గు ఎంత నిల్వ చేశాం, ఎవరిని లోపలికి రానిచ్చాం, రోగులకు మంచాలు ఉన్నాయా అన్నవన్నీ తుఫాను వచ్చేలోగా తేలిపోతాయి. తుఫాను మొదలయ్యాక కొత్తగా చేయగలిగింది కొద్దిగానే. అప్పటిదాకా చేసినదానికి ఫలితం చూడడమే మిగులుతుంది.

గమనించండి, ఇక్కడ ఎంపిక పోలేదు. ఎంపికకు గడువు పడింది, అంతే. గడువే లేకపోతే ఏ నిర్ణయానికీ బరువుండదు. రేపు మార్చుకోవచ్చు అనుకున్న నిర్ణయం ఇంకా నిర్ణయం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
శరణార్థుల విషయంలో తీసుకున్న నిర్ణయానికి తుఫాను ఎలా బరువు తెచ్చింది?

9.6 ఆట తడబడిన చోటు

తుఫాను గడిచి ఊరు బతికితే, మనం కట్టిన ఊరు మొదటి గుడారం నుంచి ఎలా పెరిగిందో తెరపై వేగంగా చూపిస్తారు. కఠినమైన చట్టాల చివరిదాకా వెళ్లినవారిని ఆట ఒక ప్రశ్న అడుగుతుంది: ఇంత మూల్యం చెల్లించడం సమంజసమేనా? చాలామంది విమర్శకులను కదిలించిన ముగింపు ఇది. నన్నూ కదిలించింది. అయినా ఇందులో ఒక లోపం ఉందని నా అభిప్రాయం.

ప్రశ్న అడగడం తప్పు కాదు. తుఫానుకు మనం బాధ్యులం కాము, సంతకాలకు బాధ్యులం. ఆ తేడాను ఆట సరిగ్గానే పట్టుకుంది. కానీ హద్దు దాటామా లేదా అని తేల్చడానికి అది ప్రధానంగా చట్టాల పుస్తకాన్నే చూస్తుంది. ఆశ పూర్తిగా ఇంకిపోయిన రాత్రి వేరే దారి లేక సంతకం చేసినవారినీ, పాలన సులువవుతుందని సంతకం చేసినవారినీ ఒకే గాటన కడుతుంది. కఠిన చట్టం ఒక్కటీ చేయకుండానే నిర్లక్ష్యంతో పదుల మందిని చలికి వదిలేసిన కెప్టెన్‌ను అంత గట్టిగా నిలదీయదు. అనివార్యతను అంత నేర్పుగా నిర్మించిన ఆట, తీర్పు దగ్గర పరిస్థితిని మరిచిపోయి పట్టిక చూసి మార్కులు వేసింది.

అందుకే నాకు ఆ చివరి ప్రశ్న కన్నా, పిల్లల్ని పనికి పంపే చట్టం మీద నేను చేసిన సంతకమే ఎక్కువగా గుర్తుంది. ఆ సమయంలో ఏ ప్రశ్నా తెరపైకి రాలేదు. చిన్న ముద్ర పడిన చప్పుడు, అంతే. ఆ తరువాత బొగ్గు పెరిగింది, నేను సంతోషించాను. ఆ సంతోషమే ఈ ఆట నన్ను వేసిన అసలు ప్రశ్న.

9.7 సారాంశం

మనుగడ ఆటల్లో అనివార్య ఘటన దానంతటదే లోపం కాదు. అది ఆటలోని లోకం నుంచి పుట్టి, ఆడేవారికి పని మిగిల్చి, లేని ఎంపికను ఉన్నట్టు చూపకుండా ఉంటే కథకు బలం అవుతుంది. ఫ్రాస్ట్‌పంక్‌లో తుఫాను అలాంటిది. వింటర్‌హోమ్ వార్త చాలావరకు అలాంటిది. ముగింపు తీర్పు మాత్రం పరిస్థితిని పూర్తిగా లెక్కలోకి తీసుకోలేదు. తరగతిలో నేను చెప్పిన మాటను ఇలా సవరించుకుంటున్నాను: ఆటలో ఆడేవాడు నిర్ణయిస్తాడు, కానీ అన్నింటినీ కాదు, నిర్ణయించలేని దాని ఎదుట తాను ఎలా ఉండాలో నిర్ణయిస్తాడు.

మీలో చాలామంది ఉద్యోగం వల్లనో, పెళ్లి వల్లనో, ఇంటి పరిస్థితుల వల్లనో చదువు ఆపి, మళ్లీ ఈ పుస్తకం తెరిచినవారు. ఈ పాఠంలోని అసలు విషయం మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది.

9.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
అనివార్య ఘటనను అంచనా వేయడానికి ఈ పాఠంలో ఇచ్చిన మూడు ప్రమాణాలను సోదాహరణంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రాయబారం నాటక ప్రదర్శనకూ, వింటర్‌హోమ్ ఘటనకూ గల పోలికను, భేదాన్ని తెలపండి.
2. ఫ్రాస్ట్‌పంక్ ముగింపుపై రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.