సహాయార్థ ప్రదర్శన: వంత లేని కథ

కరపత్రం మీద "సహాయార్థం" అన్న మాట కనిపిస్తే చాలు, మన విమర్శకులు కలం పక్కన పెట్టేస్తారు. ధర్మకార్యంలో దోషాలెంచకూడదట! నేనిది ఒప్పుకోను. రోగి కోసం పాడిన పాటకూ ఇతివృత్తం ఉంటుంది, దృక్పథం ఉంటుంది.

క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు రాబట్టిన కార్యక్రమాల్లో బాగా పేరుపడింది 1948 మే 22 నాటి అమెరికా రేడియో ప్రసారం. హాలీవుడ్ నుంచి రాల్ఫ్ ఎడ్వర్డ్స్ పలకరిస్తుంటే, బోస్టన్ ఆసుపత్రిలో పన్నెండేళ్ళ "జిమ్మీ" గదిలోకి అతని అభిమాన బేస్‌బాల్ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. చివరికి అందరూ కలిసి ఆ ఆట మీది పాటే పాడారు. పిల్లవాడూ గొంతు కలిపాడు. 20,000 డాలర్లు పోగైతే వాడికి టెలివిజన్ ఇస్తామన్నారు. 2,31,000 డాలర్లకు పైగా వచ్చాయి.

ఇది ఏడుపు నాటకం కాదు. ఎక్కడా కన్నీటిచుక్క లేదు. దాని బలమే అది. వాడికి వినపడకుండా, వాడి జబ్బు క్యాన్సరని శ్రోతలకు చెప్పారు. పాత్ర ఎరగనిది ప్రేక్షకుడు ఎరుగును. కరుణరసానికి ఇంతకన్న ఏం కావాలి? ఆలంబనం జిమ్మీ, ఉద్దీపనం ఆ టెలివిజన్ కోరిక. పేరు కూడా కల్పితమే. ఐనార్ గుస్తాఫ్‌సన్ అనే ఆ పిల్లవాడు బతికి, 1998లో లోకానికి తెలిశాడు.

"పరిశోధన" అన్న మాట ప్రసారంలో వినిపించింది. పరిశోధన మాత్రం వినిపించలేదు. ఆ విరాళం చేరింది డాక్టర్ సిడ్నీ ఫార్బర్ కృషికి. పన్నెండు రోజుల తర్వాత ఆయన వ్యాసం వెలువడింది: ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లల్లో అమినోప్టెరిన్ వల్ల 10 మందికి గుణం కనిపించింది, అదీ తాత్కాలికంగా. (జిమ్మీది వేరే రకం క్యాన్సర్.) ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో తయారయింది. అక్కడ పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఒక మందు వెనుక ఎందరు రసాయనికుల శ్రమ ఉందో, ఆ గుణం ఎందుకు నిలవడంలేదో, డబ్బు దేనికి కావాలో శ్రోతకు తెలియలేదు. తెలిసింది పిల్లవాడి ముచ్చట ఒక్కటే.

ఎనిమిది నిమిషాల ప్రసారంలో అంతా ఇమడదని మిత్రులంటారు. మన బుర్రకథనే చూడండి. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు: ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. బెంగాల్ కరువును నాజర్ బుర్రకథగా మలిచినప్పుడు కూడా అదే ఏర్పాటు. జనం గొంతు పూడుకుపోయిన చోట వంత అడ్డుపడతాడు: "ఇదెందుకు జరిగిందన్నా?" కథకుడు జవాబు చెప్పక తప్పదు. దానికి అర నిమిషం చాలు. జాలి ఆగదు; దానికి కళ్ళు వస్తాయి. జిమ్మీ గదిలో ఇంతమంది ఉన్నారు, వంత మాత్రం లేడు. నేటి మన సంగీత విభావరుల్లోనూ నాకు అతడు కనిపించడంలేదు.

ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. మా తరగతిలో ఆయన పేరు తెలిసిన పిల్లలు కొందరున్నారు. ఏం చేశారని అడిగితే, "గొప్ప శాస్త్రవేత్తండీ" అని ఊరుకుంటారు.