ఇంటివాళ్లెవరు, చుట్టాలెవరు?

పర్యాటకం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలనే మాట మన్యానికి కొత్త కాదు. వ్యాపారుల మధ్య ఎప్పటినుంచో నలుగుతున్నదే. 2025 జనవరిలో విశాఖపట్నంలో పర్యాటక పెట్టుబడిదారుల సమావేశం జరిగింది. అక్కడ శాసనసభ స్పీకరే ఆ మాట అనడంతో అది బయటపడింది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఏజెన్సీలో బంద్ జరిగింది. 1/70ని రద్దు చేసే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి చెప్పుకోవాల్సి వచ్చింది. గొడవ సద్దుమణిగింది. ఆ మాట వెనకున్న ఆలోచన మాత్రం అలాగే ఉంది.

ఆ ఆలోచన ఇదీ. కొండ అందంగా ఉంది. ప్రభుత్వం రోడ్డు వేస్తుంది, కరెంటు ఇస్తుంది, రాయితీ ఇస్తుంది. డబ్బున్నవాళ్లు వచ్చి హోటల్ కడతారు. కొండవాళ్లకి పని దొరుకుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ లెక్కలో ప్రభుత్వ సాయం అందుకునేవాళ్లు ఒకరు, కొండ మీద బతికేవాళ్లు ఇంకొకరు. మనకి మిగిలినవి రెండే: గదులు ఊడ్చే పని, రాత్రిపూట మంట చుట్టూ ఆడే వేషం.

పర్యాటకానికి మేం వ్యతిరేకం కాదు. ఇంటికి వచ్చినవాళ్లని పొమ్మనే అలవాటు మన ఊళ్లలో లేదు. చుట్టం వస్తే ఇంటివాళ్లు మర్యాద చేస్తారు. ఇప్పుడు జరుగుతున్నది వేరు. చుట్టం వచ్చేసరికి ఇంట్లో ఇంకెవరో యజమాని కూర్చుని ఉంటున్నాడు.

ముందు పేర్ల సంగతి చూద్దాం. అరకుని ‘ఆంధ్రా ఊటీ’ అంటారు, లంబసింగిని ‘ఆంధ్రా కశ్మీర్’ అంటారు. తమిళనాడు కొండ పేరు, ఉత్తరాది లోయ పేరు తెచ్చి తగిలిస్తే తప్ప మన కొండకి విలువ రాదని ప్రచారం రాసేవాళ్ల నమ్మకం. బొర్రా గుహల గురించి రాసేచోట 1807లో విలియం కింగ్ అనే తెల్లదొర కనిపెట్టాడని ఉంటుంది. అదే కరపత్రంలో కింద ఇంకో కథ ఉంటుంది. మేస్తున్న ఆవు గుహ పైకప్పులోని కంత గుండా పడిపోయిందనీ, దాన్ని వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరి లోపల లింగాన్ని చూశాడనీ, గోస్తనీ నదికి ఆ పేరు అలాగే వచ్చిందనీ. కాపరి దిగి చూస్తే అది కథ, దొర చూస్తే అది కనిపెట్టడం. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నా రాసినవాళ్లకి తేడా కనిపించలేదు. మన బడిపిల్లలకి కనిపించాలి.

అరకు వెళ్లే రైలు సంగతీ అంతే. అద్దాల పెట్టె 2017లో తగిలించారు. పట్టాలు మాత్రం 1960ల్లో, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకి చేర్చి జపాన్ పంపడానికి వేసినవి. సొరంగాల అందం గురించి రాసేవాళ్లు ఎవరూ ఆ సంగతి రాయరు.

ఇక థింసా. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన సంస్కృతికి ప్రభుత్వం ఇస్తున్న ప్రోత్సాహం అంటే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. రిసార్టులో చలిమంట వేస్తారు. పదిమంది ఆడవాళ్లు ఒకే రంగు చీరల్లో వస్తారు. నడుముల వెనక చేతులు కలుపుకుని వరస కడతారు. కాసేపు ఆడతారు. తర్వాత పర్యాటకులు కూడా వరసలో దూరి ఫొటోలు దిగుతారు. అయిపోయింది. వచ్చినవాళ్లకి థింసా అంటే ఆ ఒక్క అడుగే.

మనకి తెలిసిన థింసా ఒకటి కాదు. ఊరి దేవత కోసం ఆడే బోడ థింసా వేరు. ఆకులు ఏరే పనిని ఆడి చూపే పొతర్ తోల థింసా వేరు. పులి వచ్చినప్పటి కలవరాన్ని చూపే బాగ్ థింసా వేరు. మోరి, కిరిడి, తుడుము, డప్పు వాయించేవాళ్లు లేకపోతే అడుగు పడదు. పెళ్లిలో, పండగలో తెల్లారేదాకా ఆడతారు. ఈ ఊరి ఆడవాళ్లు పక్క ఊరికి వెళ్లి ఆడితే రెండు ఊళ్ల మధ్య చుట్టరికం గట్టిపడుతుంది. ఆడేవాళ్లు, చూసేవాళ్లు అని రెండు జట్లు ఉండవు. వరసలో చోటున్నంతవరకు అందరూ ఆడేవాళ్లే. రిసార్టు చేసిన అసలు మార్పు ఇక్కడ ఉంది. ఆటని కుదించినందుకు మాకు అంత బాధ లేదు. ఏ కళైనా వేదిక ఎక్కితే కుదుస్తారు. ఆడేవాళ్లని కూలివాళ్లుగా, చూసేవాళ్లని దొరలుగా విడగొట్టింది. వాయించేవాళ్ల చోట స్పీకర్ పెట్టెను పెట్టింది. ఎన్ని రకాలున్నాయో, ఏది ఎప్పుడు ఆడతారో అడిగినవాళ్లు లేరు కాబట్టి చెప్పాల్సిన అవసరమూ లేకుండా పోయింది. అలా రెండు తరాలు గడిస్తే చెప్పడానికీ ఎవరూ ఉండరు.

ఒక్కమాట. డబ్బు తీసుకుని ఆడడం తప్పని మేం అనడం లేదు. ఆడేవాళ్లకి దక్కే రేటు ఎవరు కడుతున్నారు, మధ్యలో ఎంత ఆగుతోంది అన్నదే అడుగుతున్నాం. పట్నం కళాకారుడు పారితోషికం అడిగితే అది గౌరవం, మన అక్క అడిగితే ఆశ అయిపోతోంది.

చైత్రమాసంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్లు వేటకి వెళ్తారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర పైసలు అడుగుతారు. ఆడతారు, పాడతారు, ఇవ్వనివాళ్లని ఆటపట్టిస్తారు. కొండదారి మీద జరిగే వినోదం అంటే మనకి అది. ఆ దారిలో చుట్టం ఎవరో, ఇంటివాళ్లెవరో చెప్పక్కర్లేదు. కొత్త ‘టూరిజం స్పాట్’ల దగ్గరా దారికి అడ్డంగా కర్ర ఉంటుంది. టికెట్టు చింపేవాడు మన తమ్ముడే అయినా, వసూలైన డబ్బు లెక్క మన ఊరికి రాదు.

లెక్క గురించి మాట్లాడితే బొర్రాకే మళ్లీ రావాలి. అనంతగిరి మండలంలోని ఆ ప్రాంతంలోనే గిరిజనేతరులకి గనుల లీజులు ఇచ్చారు. దాని మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా చట్టం ముందు ఒక ‘వ్యక్తి’ లాంటిదే, ప్రభుత్వ భూమి అయినా గిరిజనేతరులకి లీజుకి ఇవ్వడం చెల్లదు అని చెప్పింది. తవ్వితే ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘాలు తవ్వాలి అంది. నికర లాభంలో కనీసం 20 శాతాన్ని శాశ్వత నిధిగా పక్కనపెట్టి నీళ్లకి, బడులకి, ఆసుపత్రులకి, రోడ్లకి ఖర్చుపెట్టాలని కూడా చెప్పింది.

ఆ తీర్పు గనుల గురించి వచ్చింది, నిజమే. కానీ కొండలోని రాయి తీసి అమ్మితే ఊరికి వాటా ఉండాలి, అదే కొండలోని రాయిని టికెట్టు పెట్టి చూపిస్తే అక్కర్లేదు అనే తేడా మాకు అర్థం కాదు. గుహ లోపలి సున్నపురాయి దీపాల వెలుగులో ఏటా డబ్బు తెస్తూనే ఉంటుంది. అంటే గని అయినా ఏదో ఒకనాటికి ఖాళీ అవుతుంది, గుహ అవదు. 20 శాతం న్యాయం గుహకే ఎక్కువ వర్తిస్తుంది.

ఇప్పుడు 1/70 అడ్డం అనే వాదన. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్‌ని 1970లో సవరించి తెచ్చిన ఈ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోవడాన్ని అడ్డుకుంటుంది. భూమి గిరిజనుడికి గాని, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గాని మారవచ్చు. అంటే సంఘం పెట్టుకుని పదిమంది కలిసి అతిథి గృహం కట్టుకుంటే ఈ చట్టం ఒక్క ఇటుకని కూడా ఆపదు. అది ఆపేది ఒక్కటే, బయటివాడు యజమాని కావడం. కాబట్టి ‘పర్యాటకానికి అడ్డం’ అన్నప్పుడల్లా ‘ఎవరి పర్యాటకానికి?’ అని అడగాలి. చట్టం ఉండగానే మన పేరు కాగితం మీద పెట్టి వెనక నుంచి నడిపే బినామీ రిసార్టుల గురించి తెలియని యువకుడు మన్యంలో లేడు. పేరు ఇచ్చినవాడికి నెలకి కొంత ముడుతుంది. రేపు కేసు వస్తే కోర్టుకి వెళ్లేదీ అతనే. జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక టీచరు ఉద్యోగాల దారి ఇరుకైంది. ఖాళీగా ఉన్న చదువుకున్న కుర్రాడికి అలాంటి సంతకం చిన్న విషయంగానే కనిపిస్తుంది. అతన్ని తిట్టి ప్రయోజనం లేదు, కానీ సంతకానికి ముందు ఎవరో ఒకరు ఈ సంగతి చెప్పి ఉండాలి.

కేంద్రం తెచ్చిన ఒక పథకమే మా వాదనకి సాక్ష్యం. 2024 అక్టోబరులో మొదలైన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్ కింద దేశమంతా 1,000 గిరిజన హోమ్‌స్టేలకి సాయం చేస్తామన్నారు. ఇంటికి కొత్త గదులు కట్టుకోవడానికి 5 లక్షల వరకు, ఉన్నవాటిని బాగుచేసుకోవడానికి 3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకి 5 లక్షల వరకు. ఇల్లు గిరిజనుడిదే, యజమాని గిరిజనుడే. భూమి చేతులు మారక్కర్లేదు. సాయం చేయాలనుకుంటే దారి ఉందన్నమాట.

అయితే ఈ పథకాన్నీ కళ్లు మూసుకుని మెచ్చుకోలేం. దేశంలోని ఇన్ని వేల గిరిజన గ్రామాలకి 1,000 అంటే ఎంత? రోడ్డు పక్కన పక్కా ఇల్లు ఉండి, బ్యాంకు ఖాతా ఉండి, ఆఫీసులో తెలిసినవాళ్లు ఉన్న కుటుంబానికే ముందు దొరుకుతుంది. పై గూడెంలో ఉన్న గదబ, పోర్జ కుటుంబాల దాకా వెళ్లదు. గదుల బుకింగు ఫోనులో ఎవరి చేతిలో ఉంటుందో అతనే అసలు యజమాని అవుతాడు. ఊరికి ఇచ్చే 5 లక్షలు దేనికి వాడాలో గ్రామసభ తేల్చాలి. కాంట్రాక్టరు తేలిస్తే ఊరి ముందు ఒక స్వాగత తోరణం మిగులుతుంది.

అడవి విషయంలో ఇంకో చిక్కు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ గ్రామసభ సిఫారసు మీద అడవిలో కట్టుకోదగిన 13 రకాల సౌకర్యాలు చెబుతుంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషను దుకాణం, మంచినీళ్ల గొట్టాలు, రోడ్డు లాంటివి. అందులో రిసార్టు లేదు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, జూలు, సఫారీలతో పాటు ఎకోటూరిజం కట్టడాలని అటవీ అనుమతుల బాధ నుంచి తప్పించారు. అంగన్‌వాడీ గది కోసం కాగితాలు పట్టుకు తిరిగే పెద్దలకి ఈ వేగం ఎక్కడిదో తెలియాలి. మారేడుమిల్లి వైపు వన సంరక్షణ సమితులతో నడిపే విడిదుల్లో మనవాళ్లే వండుతారు, దారి చూపిస్తారు. అది రిసార్టు కంటే మేలు. కానీ సమితి అటవీ శాఖ పెట్టిన సంఘం, చట్టం అధికారం ఇచ్చింది గ్రామసభకి. ఆ తేడా మరిచిపోకూడదు.

వినోదం అన్న మాటని ప్రభుత్వం బయటినుంచి వచ్చేవాళ్లకే వాడుతోంది. మన పిల్లలకీ కొండ ఎక్కే సరదా ఉంటుందని లెక్కలోకి రాదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన లంబాడా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె చదివింది ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులంలో. భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగులో శిక్షణ ఇప్పించిందీ ప్రభుత్వ సొమ్ముతోనే. అదీ ప్రభుత్వ సాయమే. అందులో గిరిజన బాలిక కొండ ఎక్కే మనిషి, ఎక్కేవాళ్ల ఎదుట ఆడే మనిషి కాదు. పాడేరు చుట్టూ 1,600 మీటర్లు దాటిన కొండలున్నాయి. అక్కడి ఆశ్రమ పాఠశాలల్లో ఎన్నింటికి తాళ్లు, హెల్మెట్లు, నేర్పే మాస్టారు ఉన్నారు? మన కుర్రాళ్లు కొండ దారి చూపిస్తే దినకూలి. అదే దారి గుర్తింపు పొందిన శిక్షణతో చూపిస్తే అది వృత్తి. శిక్షణకయ్యే ఖర్చు ఒక స్వాగత తోరణం ఖర్చు కంటే ఎక్కువేమీ ఉండదని మా అంచనా.

ఉపాధ్యాయులకి ఒక సూచన. మీ మండలంలో ప్రభుత్వం నడిపే గుహ, జలపాతం, తోట ఏది ఉన్నా, గత మూడేళ్లలో దాని టికెట్ల మీద వచ్చిన డబ్బెంత, అందులో ఆ పంచాయతీకి వెళ్లిందెంత, అక్కడ పనిచేసే స్థానిక గిరిజనులు ఎంతమంది, జీతమెంత అని సమాచార హక్కు చట్టం కింద గ్రామసభ తరఫున ఒక యువకుడి చేత అడిగించండి. వచ్చిన అంకెల్ని తొమ్మిదో తరగతి పిల్లలకి శాతాల లెక్కగా ఇవ్వండి. 20 శాతం ఎంతవుతుందో వాళ్లే కట్టి చూస్తారు. దరఖాస్తు తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. దారిద్య్రరేఖకి దిగువన ఉన్నవాళ్లు రేషన్ కార్డు నకలు జతచేస్తే రుసుము కూడా కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.