నీళ్లు తెలిసిన చేతులు

మాన్కోలి నాకాలో బస్సు దిగినవాడికి సముద్రం గుర్తుకు రాదు. ముంబై–నాసిక్ రహదారి, దాని మీద ఫ్లైఓవర్, ఎటు చూసినా గోదాములు, వాటి ముందు బారులు తీరిన కంటైనర్ లారీలు. రోడ్డు పక్క ధాబాల్లో ఎర్ర గ్రేవీ ఉడుకుతూ ఉంటుంది. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, ఏ రహదారి మీదైనా దొరికే కూరే. కానీ ఈ గోదాముల వెనక ఉల్హాస్ నది ఉంది. ఇక్కడికి వచ్చేసరికి దాన్ని నది అనలేం. ఆటుపోట్లకు ఎక్కి దిగే ఉప్పునీటి పాయ అది, ఇక్కడివాళ్ల మాటలో ఖాడీ, వసయీ దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది. ఈ పాయ ఒడ్డున తరతరాలుగా ఉన్నవాళ్లు ఆగ్రీలు, కోళీలు. ఆగ్రీలది వరిసాగు, ఉప్పుమడులు. కోళీలది చేపలవేట. వాళ్ల పొలాల మీద గోదాములు లేచాయి గానీ పొయ్యిలు ఆరలేదు. మాన్కోలి నుంచి అంజూర్ ఫాటా, అక్కడి నుంచి కాల్హేర్, కశేళీ మీదుగా ఠాణే వైపు పోతుంటే ఒకటీ అరా ఖానావళ్లు కనిపిస్తాయి. బోర్డు మీద హోటలు పేరు చిన్నది, ‘ఆగ్రీ–కోళీ పద్ధతి’ అన్న మాట పెద్దది.

పక్కనే ఉన్న భివండీలోని తెలుగువాళ్లకు ఈ తిండి పుట్టుకతో వచ్చింది కాదు. సిరిసిల్ల, కరీంనగర్, నల్గొండ, వరంగల్ వైపు నుంచి సాంచాల (మరమగ్గాల) పని మీద వచ్చి పద్మనగర్‌లో స్థిరపడ్డ కుటుంబాలకు చేప అంటే చెరువు చేప. కొర్రమీను, రవ్వ, బొచ్చె. సముద్రం అంటే అంగట్లో దొరికే ఎండు రొయ్యలు, అంతే. ఒంటరిగా వచ్చిన పనివాళ్లు నెలకింత అని కట్టి బిస్సీల్లో తిన్నారు. పప్పు, చపాతీ, అన్నం, ఆదివారం మాంసం. ఖాడీ ఒడ్డు వంట వాళ్లకు పరిచయం కావడానికి కాలం పట్టింది. అయితే ఒకసారి పరిచయమయ్యాక తెలంగాణవాడంత నిక్కచ్చిగా దాన్ని తూచగలవాడు దొరకడు. జొన్నరొట్టె తట్టే చేతుల్ని చూస్తూ పెరిగిన కన్ను కదా.

ఈ వంట గొప్పతనం మసాలాలో ఉందంటారు. మసాలా మంచిదే, కాదనను. ఎండాకాలంలో బ్యాడిగి, సంకేశ్వరీ, కశ్మీరీ మిరపకాయలు ఎండబెట్టి, ధనియాలూ పసుపూ గరం దినుసులూ వేయించి, ఏడాదికి సరిపడా దంచి, పురుగు పట్టకుండా ఇంగువ ముక్క వేసి జాడీలకెత్తుతారు. కానీ మసాలా కొనుక్కోవచ్చు, ఇప్పుడు ప్యాకెట్లలో కూడా వస్తోంది. కొనలేనిది ఒకటుంది. ఎక్కడ నీళ్లు పొయ్యాలి, ఎక్కడ పిండెయ్యాలి, ఎక్కడ ఆవిరి చెయ్యాలి అన్న ఎరుక. నా లెక్కలో ఈ ఖానావళ్ల పనితనమంతా నీళ్ల పనితనమే.

ముందు భాకరీ, అంటే బియ్యప్పిండి రొట్టె చూడండి. బియ్యప్పిండిలో గోధుమకున్న సాగుడు లేదు. చన్నీళ్లతో కలిపితే ముద్ద అవుతుంది గానీ తట్టబోతే అంచులు విచ్చుకుపోతాయి. అందుకని నీళ్లు మరగబెట్టి, ఉప్పు వేసి, పిండి పోసి మూత పెట్టి దించేస్తారు. ఉకడ్ తీయడం అంటారు దీన్ని. ఆ వేడికి పిండి కొంత ఉడికి జిగురు పుడుతుంది. పడుగుకు గంజి పెట్టిన చేతులకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. గంజి సరిగ్గా ఉడకకపోతే పోగును పట్టదు, సాంచా మీద పొడిపొడిగా రాలుతుంది, పోగులు తెగుతాయి. మరీ చిక్కనైతే పడుగు బిరుసెక్కుతుంది. ఇక్కడ ఉకడ్‌కూ అదే నియమం. నీళ్లు తక్కువైతే భాకరీ చల్లారగానే అట్టముక్క, ఎక్కువైతే పెనాన్ని వదలదు.

ఉకడ్‌ను చెయ్యి చురుక్కుమంటుండగానే పిసకాలి. చల్లారాక ఎంత పిసికినా ఆ నునుపు రాదు. పళ్లెంలో పొడిపిండి చల్లి తట్టడం అందరూ చేసేదే. ఈ ఒడ్డున పాతకాలపు పద్ధతి మరొకటుంది. పీటా లేదు, పళ్లెమూ లేదు, పొడిపిండీ లేదు. అరచేతులు తడుపుకొని, ముద్దను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తూ, మారుస్తూనే తిప్పుతూ తట్టడం. ప్రతి తట్టుకూ ముద్ద కొద్దిగా తిరుగుతుంది, కొద్దిగా వెడల్పవుతుంది. కింద ఆసరా లేదు కాబట్టి ఒక చోట పలచబడితే అక్కడే చిరుగుతుంది. మందం అంతటా ఒకేలా ఉండాల్సిందే, వేరే దారి లేదు. వంటింటి గుమ్మంలోంచి చూస్తే చేతులు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నట్టు టపటపమని ఒకటే చప్పుడు. భోజనాల వేళ భాకరీలు తట్టే మావశీ (పిన్నమ్మ) వాటి వైపు చూడనైనా చూడదు, గిరాకీల లెక్క చెబుతూనే తడుతుంది.

పెనం మీద వేసీ వేయగానే పైవైపు తడిచేత్తో నీళ్లు పూస్తుంది. మన జొన్నరొట్టెకూ ఇదే చేస్తాం, ఎందుకో ఎవరూ అడగం. పైపొర తడిగా ఉంటే పగలదు. పగలని పొర మూతలా పనిచేసి లోపలి ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. పూర్తిగా ఆరితే సన్నటి నెర్రెలు పడతాయి, ఆవిరి వాటిలోంచి పోతుంది, రొట్టె పొంగదు. సరిగ్గా తిప్పిన భాకరీ రెండు పొరలుగా విడిపోయి బుర్రున లేస్తుంది. పైపొర కాగితమంత పలచన, కిందిది మెత్తన. పులుసులో ముంచాల్సింది కిందిపొర, ఉత్తగా నమలాల్సింది పైపొర అని నా అభిప్రాయం. పక్కవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

ఇక బొంబిల్. ప్రపంచం బాంబే డక్ అని పిలిచే ఈ చేప ఒంట్లో నూటికి 80 పాళ్లకు పైగా నీళ్లే. చేతిలోకి తీసుకుంటే జారిపోతుంది, ఒత్తితే కారిపోతుంది. ఉత్తన్, వసయీ తీరాల కోళీలు దీన్ని డోల్ వలతో పడతారు. సంచిలాంటి ఆ వలను నీళ్లలో పాతి ఉంచితే ఆటుపోట్ల వడికి చేపలు తామే వచ్చి చేరతాయి. దీన్ని దాచుకోవడానికి వాళ్లకు తెలిసిన ఉపాయం ఎండ. రెండేసి చేపల దవడలు ఒకదానిలో ఒకటి ఇరికించి వెదురు దండేల మీద వరుసగా వేలాడదీస్తారు. అలా ఎండినవి ఇంగ్లండు దాకా పోయేవి. 1997లో యూరోపియన్ యూనియన్ దిగుమతి ఆపేస్తే అక్కడి అభిమానులు ఉద్యమమే చేశారు.

పచ్చి బొంబిల్ వేయించడం మరో విద్య. తల, తోక, రెక్కలు తీసి, పొట్టవైపు నుంచి పొడవునా చీల్చి పుస్తకంలా తెరుస్తారు. నడుమ మెత్తటి ముల్లు లాగేస్తారు. ఉప్పూ పసుపూ రాసి, పరిచి, పైన బరువు పెడతారు. రోటిపొత్రమో, మసాలా నూరే రాయో. ఉప్పు లోపలి నీటిని పైకి లాగుతుంది, రాయి దాన్ని బయటకు తోస్తుంది. వేలెడు మందమున్న చేప చివరికి ఆకంత పలచనై మిగులుతుంది. అప్పుడుగానీ అల్లం వెల్లుల్లి పచ్చిమిర్చి ముద్ద, మసాలా పట్టించరు. పైన బియ్యప్పిండి, కొంచెం రవ్వ. పెనం మీద తక్కువ నూనెలో నిదానంగా వేయించి, ఒక్కసారే తిప్పుతారు.

అన్నిచోట్లా ఇంత ఓపిక ఉండదు. రాయి పెట్టే తీరిక లేనివాళ్లు ఆ లోటును రవ్వతో కప్పుతారు. పైన పెంకులా గట్టిగా ఉంటుంది, కొరికితే లోపల ముద్ద ముద్దగా నీరు. తోక వైపు పట్టి ముక్కను పైకెత్తి చూడండి. నిటారుగా నిలబడితే రాయి కింద పడుకున్న బొంబిల్. మధ్యకు వంగిపోతే రవ్వకు డబ్బు కట్టినట్టే.

పులుసును ఇక్కడ కాల్వణ్ అంటారు. మన చేపల పులుసుకు అలవాటుపడ్డ నాలుక మొదట కాస్త గునుస్తుంది. మనది చింతపండు చిక్కగా ఉడికి, నూనె తేలి, మర్నాటికి రుచి పెరిగేది. ఇది పలచన. నూనెలో చితక్కొట్టిన వెల్లుల్లి, మసాలా, చింతపండు నీళ్లు, కొత్తిమీర. ఉల్లిపాయ, టమాటా చాలా ఇళ్లలో వెయ్యనే వెయ్యరు. నీళ్లు తెర్లాక చివర్లో చేప వేస్తారు, ముక్క తెల్లబడగానే దించేస్తారు. చిక్కదనం లేదు కాబట్టి చేప తాజాదనాన్ని దాచే చోటే లేదు. అందుకే నాకు నచ్చింది. నెల్లూరులోనూ ఖాడీ ఒడ్డునా ఒకటే కట్టుబాటు: చేప పడ్డాక గరిటె పెట్టకూడదు, గిన్నె అంచులు పట్టి తిప్పాలి.

అసలు ఖాడీ చేప తక్కువైపోయింది. ఉల్హాస్‌లో కలిసే పరిశ్రమల మురుగు అందరికీ తెలిసిన కథే. పాతవాళ్లు బురదలో పట్టిన నివ్‌ట్యా చేపలు, చింబోరీ పీతల గురించి ఇప్పటికీ నోరూరేలా చెబుతారు. ఇప్పుడు చాలా భాగం చేప ముంబైలోని భావుచా ధక్కా, ససూన్ డాక్ నుంచే వస్తుంది. జూన్ 1 నుంచి జూలై 31 వరకు పడమటి తీరంలో మర పడవల వేట బంద్. ఆ రెండు నెలలు ఈ వంటగదులు ఎండు సరుకు మీద నడుస్తాయి. తూర్పు తీరంలో నిషేధం జూన్ 14తో ముగుస్తుంది గనుక కాకినాడలో చేప దొరికే రోజుల్లో ఇక్కడ దొరకదు. నిజానికి వానల్లోనే వెళ్లాలంటాను. ఉల్లిపాయతో వేయించిన జవ్‌ళా అనే సన్న రొయ్యపొట్టు, వంకాయతో సుకట్ (ఎండు రొయ్యలు), వేడి భాకరీ. ఎండు రొయ్యలు వంకాయ కూర తెలిసిన తెలుగువాడికి ఆ పళ్లెంలో పరాయితనమేమీ కనబడదు.

చివరికి సోల్‌కఢీ. కోకం నానబెట్టిన ఎర్రనీళ్లు, కొబ్బరిపాలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పు. పొయ్యి ఎక్కించరు, వేడికి విరిగిపోతుంది. కొబ్బరి తురుముకు గోరువెచ్చటి నీళ్లు కొంచెం కొంచెంగా పోసి రెండుసార్లు పిండుతారు. ఒకేసారి గుమ్మరిస్తే పాలు రావు, తెల్లనీళ్లు వస్తాయి. కోకం పులుపుకు ఎక్కువసేపు నిలవదు కాబట్టి మంచి ఖానావళిలో రెండింటినీ విడివిడిగా ఉంచి, భోజనాల వేళకు కలుపుతారు. గ్లాసులో పైన తెల్ల తరకలు, అడుగున ఎర్రనీళ్లు కనిపిస్తే అది పొద్దున కలిపింది. మొహమాటపడకుండా వెనక్కి పంపండి.