ఒక యింటి వస్తువులు, పెక్కిండ్ల చూపులు

గ్రంథమును విమర్శించునపుడు గ్రంథకర్తనేగాక పాఠకుని గూడ విమర్శింపవలసిన సందర్భములు కొన్ని కలవు. హైదరాబాదునందలి సాలారుజంగు మ్యూజియ మట్టి గ్రంథము. అందలి వస్తువుల సౌందర్యమును గూర్చిన ప్రశంస మనము తరచుగా వినుచునే యున్నాము. ఆ వస్తువుల యెదుట నిలుచు కుటుంబము వానిని చూచెడి విధమెట్టిదో విచారించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

ఈ సంచయము పండితసభ యొకటి కూర్చొని నిర్ణయించినది కాదు. ఒక యింటివారు కూర్చుకొన్నది. నిజాము రాజ్యమున దివానుగా నుండిన మొదటి సాలారుజంగు, మీర్ తురాబ్ అలీఖాన్, 1876లో రోము నగరమున బెంజోని యను శిల్పి చెక్కిన ముసుగు రెబెక్కా విగ్రహమును కొనెను. ఆయన 1883లో మరణించెను. సంచయమున నధికభాగమును చేకూర్చిన మనుమడు మీర్ యూసుఫ్ అలీఖాన్, అనగా మూడవ సాలారుజంగు, 1889లో జన్మించెను. తాత మనుమని చూడనేలేదు. తన యభిరుచియే వానికిని ఉండవలెనని శాసించుట కవకాశమును లేకపోయెను. పాలరాతి రెబెక్కా యున్న యింటికే మనుమడు జేడురాతి పిడిబాకులను, దంతపు కుర్చీలను, పారసీక వ్రాతప్రతులను, చీనా పింగాణిని, గడియారములను, తుదకు పిల్లల బొమ్మలను గూడ చేర్చెను. ఆయన 1949లో అవివాహితుడుగనే మరణించెను. 1951 డిసెంబరు 16వ తేదీన నెహ్రూగారు ఆ వంశమువారి దివాన్ దేవిడీలోనే మ్యూజియమును ప్రారంభించిరి. 1961లో పార్లమెంటు చట్టముచే నది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను. 1968లో మూసీనది దక్షిణపు టొడ్డున నున్న యిప్పటి భవనమునకు మారెను.

ఇట్టి సంచయమున శాస్త్రీయమైన క్రమము లేదనుట కొంతవరకు న్యాయమే. ఒక యుగమును గాని, యొక దేశపు కళను గాని యాద్యంతము నేర్చుకొనగోరువాని కిది తృప్తి నీయజాలదు. కాని కుటుంబమునకు ఈ వైవిధ్యమే యుపకారకము. వేర్వేరు వయస్సుల, వేర్వేరు మనస్సుల వారు నలుగురు కలసి వచ్చినచో నలుగురికిని నిలుచుటకు చోటున్నది.

అయినను జరుగుచున్న దేమి? మా కంటబడిన కుటుంబములలో పెక్కింటియం దొకే తీరు కానవచ్చినది. యజమాని ముందు నడచును. పిల్లలు వెనుక నడతురు. గృహిణి చంటిబిడ్డతో నందరికంటె వెనుకబడును. ఎచట నాగవలెనో, యెంతసేపు చూడవలెనో యజమాని చిత్తము. గృహిణి బిదరీ పనితనము గల తాంబూలపు పెట్టెయొద్ద నిలిచి, నల్లని లోహమున వెండితీగె నెట్లు పొదిగిరో చూడబోవును. "ఇంటిలో చూచెడి సామానులే గదా, పద" యని యాయన తొందరపెట్టును. తాను ప్రతిదిన ముపయోగించు పాత్రల వంటివానిని గూర్చి యామె చెప్పగలిగినది యాయన చదివి వినిపించు చీటీలో లేదు. వినువారు లేనందున నామెయు చెప్పదు.

ముసుగు రెబెక్కా యెదుట నీ దోషము మరింత స్పష్టమగును. యజమాని రాతియందు పలుచని వస్త్రమును చూపిన శిల్పి నేర్పును కొనియాడును. అది కొనియాడదగినదే. కాని పదియేండ్ల బాలిక యొకతె, "నాన్నగారూ, ఈమె ముసుగెందుకు వేసికొన్నది? ఎవరు వేసికొమ్మన్నారు?" అని యడుగగా వింటిమి. "ముందు చూడు, ప్రశ్నలు తరువాత" అని తండ్రి ముందునకు సాగెను. ఆ విగ్రహమును గూర్చి యడుగవలసిన ప్రశ్న యదియే యని మా యభిప్రాయము. బైబిలు కథలో రెబెక్కా బావియొద్ద నపరిచితునకు నీరిచ్చి, వాని యొంటెలకును నీరు తోడిపోసినది; పోదువా యని యింటివారడుగగా పోయెదనని తన నోటనే చెప్పినది; వరుడైన ఇస్సాకును దూరమునుండి చూచి ముసుగు వేసికొన్నది. ఇంత కథలో శిల్పి ముసుగును గైకొనెను. నీరు తోడిన చేతులను, సమ్మతి తెలిపిన నోటిని మరచి ముసుగు పలుచదనమునే మెచ్చుకొనుట సగము చూపు. ఘోషాను ఖండించు వ్యాసములను చదివి మెచ్చుకొను మన యిండ్లలో కూతురి ప్రశ్న కీపాటి విలువ లేకపోవుట శోచనీయము.

అచటనే మెఫిస్టోఫిలీసు, మార్గరెట్టాల జంటవిగ్రహ మున్నది. ఒకే సికమోరు మ్రానున ముందువైపు గర్వించిన పిశాచము, వెనుకవైపు తలవంచిన కన్య. వెనుక నద్దము నుంచినందున నామె కనబడును. పిల్లలా యద్దమున తొంగిచూచి "ఇక్కడ మరొకరున్నారు" అని కేకవేయుదురు. గెటే రచించిన ఫౌస్టు నాటకమును చదివిన పెద్దవాడు కథ చెప్పగలడు. కనుగొనుట పిల్లలది, కథ పెద్దలది. రెండును కలసిననే విగ్రహము పూర్తిగా తెలియును.

ఎవరి యిష్టము వారిదైనచో పిల్లలు తప్పిపోరా, పామరరుచి పెరుగదా యని కొంద రాక్షేపింపవచ్చును. బాలుడు జేడురాతి శాలను విడిచి, గంట గంటకు వెలికివచ్చి గంట మ్రోగించు గడియారపు బొమ్మకొరకు పరుగెత్తుటను వారు పామరత యందురు. ఆ బొమ్మ వేళకెట్లు వచ్చునని యొకడు యోచించినచో నది యంత్రశాస్త్రమున కారంభమని మేమందుము. విచ్చలవిడిగా తిరుగుమని మేము చెప్పుట లేదు. ఇంటినుండి బయలుదేరకముందే ఒక్కొక్కరు ఒక్కొక్క శాలను కోరుకొనవలెను. ఆ శాలలో వారే ముందు నడచి చూపవలెను. తండ్రియు నచట శ్రోతయై యుండవలెను. అన్ని శాలలను ఒక్కదినమున ముగించు వ్రతమును మానవలెను. ఇల్లు చేరిన పిదప ఎవరికేది నచ్చినదో, ఏది నచ్చలేదో, ఏల నచ్చలేదో అందరును చెప్పవలెను. మొదట గృహిణి చెప్పవలెను.

తాతకు రుచించిన దానిని, మనుమనికి రుచించిన దానిని ఒకే కప్పు క్రింద నుంచిన యింటి సొత్తును మనము చూడబోవుచున్నాము. మన యింటి నలుగురి రుచులకును అట్టి చోటు కల్పించుట కష్టమైన పని కాదు. పదియేండ్ల పిల్ల యడిగినప్పుడు తండ్రి యొక నిమిషమాగి బదులు చెప్పిన చాలును.